గీత మీద గీత

"మీ డ్రాయింగు తెరవబోతే మా కంప్యూటరు నిద్రపోయిందండీ!" అని ఆర్కిటెక్టమ్మ ఫోనులో పకపకా నవ్వింది. పెద్దల్లుడి కడుపుమంట అక్కడ మొదలైంది.

తిట్టినా బాగుండేది. తిడితే ఎదురు చెప్పచ్చు, చెప్పలేకపోతే ముఖం మాడ్చుకుని కూర్చోవచ్చు. నవ్వితే ఏం చెయ్యాలి? పైగా ఫోను స్పీకరులో ఉంది, గది తలుపు బార్లా తీసి ఉంది. మామగారు విన్నారు. కోత యంత్రం దగ్గరున్న భార్య వింది. కింద వెల్డింగు చేసేవాళ్ళూ రంగులేసేవాళ్ళూ విని ముసుగుల వెనకాల నవ్వుకున్నారు. వీళ్ళందరూ వింటే విన్నారు. పక్క కుర్చీలో ఉన్న తోడల్లుడు కూడా విన్నాడు. విని, నవ్వకుండా, "ఫరవాలేదండీ, నేను తగ్గించి పంపిస్తాను" అన్నాడు. ఆ నవ్వకపోవడం ఉంది చూశారూ, అది అందరి నవ్వుకంటే ఎక్కువ గుచ్చుకుంది.

ఆ షెడ్డు మామగారిది. ఇనప గేట్లు, కిటికీ గ్రిల్లులు, మెట్ల రెయిలింగులు చేస్తారు. ఆయనకి ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దమ్మాయి చిన్నప్పటినుంచీ షెడ్డులోనే తిరిగి, ఇప్పుడు లేజరు యంత్రాన్ని తనే నడుపుతుంది. కంప్యూటరులో గీసిన గీత ఎటు పోతే ఆ యంత్రం తల అటు పోతూ, స్టీలు రేకుని వెన్నలా కోసేస్తుంది. ఆ గీతలు గీసేవాడు ఆమె మొగుడు, పెద్దల్లుడు. పెళ్ళయిన కొత్తలో మామగారు అతన్ని మేడమీద అద్దాల గదిలోకి తీసుకెళ్ళి, "ఇక ఈ కుర్చీ నీది అల్లుడూ" అన్నారు. అప్పటినుంచీ ఆ కుర్చీమీద అతను ఈగని వాలనిచ్చేవాడు కాదు.

చిన్నల్లుడు నిరుడు వచ్చాడు. అంతకుముందు ఎక్కడో యంత్రభాగాల కంపెనీలో డ్రాయింగులు గీసేవాడు. ఆ కంపెనీ మూతపడితే, "ఇంట్లో పని పెట్టుకుని బయట వెతుక్కోవడమేంటి" అని మామగారే పిలిచి, అద్దాల గదిలో ఇంకో కుర్చీ వేయించారు. మనిషి చూడబోతే నోట్లో వేలు పెడితే కొరకలేడు. "అన్నయ్యా" అనకుండా మాట మొదలుపెట్టడు. టీ వస్తే పెద్దల్లుడి కప్పు అందించాకే తనది తీసుకుంటాడు. ఇలాంటివాడితో గొడవ పెట్టుకుందామన్నా పట్టు దొరకదు.

పనిలో మాత్రం ఇద్దరిదీ చెరో దారి. పెద్దల్లుడు ఆకు గీస్తే ఆకే. తీగకి యాభై ఆకులుంటే యాభయ్యీ విడివిడిగా గీస్తాడు, ఒకదాని ఈనె ఇంకోదానికి ఉండదు. నిజం ఆకు ఫొటో కింద పెట్టుకుని దానిమీద గీస్తాడు. గీశాక ఆ ఫొటోని తీసెయ్యడు, కనపడకుండా దాస్తాడు. నచ్చని తీగని చెరపడు, అదీ దాస్తాడు. "ఎప్పుడైనా అవసరం పడచ్చు" అంటాడు. ఆ అవసరం ఇంతవరకూ పడలేదు. పైకి ఒక్క గేటే కనిపిస్తుంది గానీ ఫైలు లోపల అరడజను గేట్లు బిక్కుబిక్కుమంటూ దాక్కుని ఉంటాయి. ఉబ్బిపోదూ మరి? అతని డ్రాయింగు తెరవమని నొక్కి, కిందకెళ్ళి టీ తాగి రావచ్చు. వెల్డింగువాళ్ళు దానికి 'ఏనుగు' అని పేరు పెట్టారు. "ఏనుగు లేచిందా సార్?" అని మెట్ల కిందనుంచి అరిచేవాళ్ళు. "లేస్తోందిరా, చెవులు ఊపుతోంది" అని అతనూ సరదాగానే జవాబిచ్చేవాడు.

చిన్నల్లుడు ఒక్క ఆకు గీస్తాడు. దాన్ని 'బ్లాకు' చేస్తాడు. అంటే, ఈ ఆకుని గుర్తుపెట్టుకో అని కంప్యూటరుకి ఒకసారి చెబుతాడు. ఆ తర్వాత ఎక్కడ కావాలంటే అక్కడ, కాస్త తిప్పి, కాస్త సాగదీసి, అదే ఆకుని పెట్టుకుంటూ పోతాడు. కంటికి వంద ఆకులు కనిపించినా ఫైలు మోసేది ఒక్క ఆకు బరువే. వాడని వాటన్నిటినీ సాయంత్రం ఊడ్చి పారేసి ఇంటికి పోతాడు. అతని ఫైలు రెప్ప వేసేలోగా తెరుచుకుంటుంది. వెల్డింగువాళ్ళు దానికీ పేరు పెట్టారు, 'ఈక' అని. ఆ రోజునుంచి ఏనుగు జోకు పెద్దల్లుడికి రుచించడం మానేసింది.

ఇంతకీ ఆర్కిటెక్టమ్మ ఇచ్చిన పని అలాంటిలాంటిది కాదు. కొత్తగా కడుతున్న గ్రంథాలయంలో గుండ్రంగా తిరుగుతూ పై అంతస్తుకి పోయే మెట్లు, ఆ మెట్లకి అటూ ఇటూ పాకే స్టీలు తీగ. ఇలాంటి పని కోసమే పుట్టాననుకున్నాడు పెద్దల్లుడు. జనం ఆ తీగమీద చెయ్యి వేసి పైకెక్కుతుంటే, తనూ వాళ్ళ వెనకాలే ఎక్కుతూ, ఇది గీసింది నేనే అని చెప్పకుండా లోపల్లోపల మురిసిపోవాలని అతని కోరిక. చెప్పకుండా ఉండలేడనుకోండి, అది వేరే సంగతి. ఆ తీగని రేకు పలకలుగా కోసి అతుకుతారు. అందులో మొదటి పలక గీసి, గుండె చిక్కబట్టుకుని ఆవిడకి పంపించాడు. ఆవిడ కంప్యూటరుని నిద్రపుచ్చింది అదే.

తోడల్లుడు అన్న మాట ప్రకారం మధ్యాహ్నంలోగా దాన్ని తగ్గించాడు. పెద్దల్లుడి ఆకుల్లోంచి బాగున్న ఒకదాన్ని తీసుకుని బ్లాకు చేశాడు, మిగతా ఆకుల జాగాల్లో దాన్నే పెట్టుకుంటూ పోయాడు. పంపిన కాసేపటికే ఆవిడ దగ్గర్నుంచి జవాబొచ్చింది. "ఇదండీ డ్రాయింగంటే!"

మామగారు మెట్లెక్కి పైకొచ్చారు. మోకాళ్ళ నొప్పులతో ఆయన పైకి రావడమే అరుదు. వచ్చి, రొప్పు తీర్చుకుని, "పెద్దల్లుడూ, ఏమీ అనుకోకు. ఆ లైబ్రరీ మెట్లు చిన్నవాణ్ణి గీయనీ. నువ్వు పక్కనుండి చెబుతూ ఉండు. ఆవిడకి ఇతని ఫైలు నచ్చినట్టుంది" అన్నారు.

'ఏమీ అనుకోకు' అన్న మాట ఎవరు కనిపెట్టారో గానీ, అది విన్నాక ఏమీ అనుకోకుండా ఉన్న మనిషి ఇంతవరకూ పుట్టలేదు.

"అయ్యో, దాందేముంది మామయ్యగారూ" అని పెద్దల్లుడు నవ్వాడు. ఆ నవ్వుకి దవడలు నొప్పెట్టాయి.

ఆకు తనది. తీగ తనది. మెలిక తనది. పేరు మాత్రం తోడల్లుడిది! వాడు చేసిందేముంది, ఊడ్చాడు. చీపురు పట్టినవాడికి ఇల్లు రాసిచ్చేస్తారా ఎక్కడైనా? అరికాలి మంట నెత్తికెక్కింది. పక్క కుర్చీలోంచి "అన్నయ్యా, ఈ మలుపు దగ్గర ఎలా తిప్పమంటారు?" అని వినబడింది. "నీ ఇష్టం తమ్ముడూ" అన్నాడు. తమ్ముడూ అన్న మాటని పళ్ళమధ్య నూరి మరీ అన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి కూర్చుంటే, భార్య చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టింది.

"మరిదిగారి ఫైళ్ళు భలే ఉంటాయండీ. యంత్రంలో పెట్టడం ఆలస్యం, కోత మొదలు. మీదైతే అది లోడయ్యేసరికి నాకు కునుకు పట్టేస్తుంది."

"కునుకు పట్టేంత మెత్తగా గీస్తున్నానన్నమాట."

"అన్నిటికీ అలా వంకరగా తీసుకుంటారేంటి? వెళ్ళి ఆయన్ని అడగండి, ఎలా తగ్గిస్తారో. నోరు తెరిచి అడిగితే కాదంటారా?"

అడగడమా? ఈ కుర్చీలో తన జుట్టు పలచబడింది. నిన్న గాక మొన్న వచ్చినవాణ్ణి పట్టుకుని, బాబ్బాబు నేర్పించమని అడగాలా? ఊరంతా వాణ్ణి పొగిడినా ఓర్చుకునేవాడేమో గానీ, భార్య నోట ఆ 'భలే' అన్న మాట మాత్రం చెవిలో దూరిన చీమలా ఊరుకోనివ్వలేదు. తన డ్రాయింగు చూసి ఆమె భలే అని ఎప్పుడంది? గుర్తు చేసుకోబోయాడు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి అన్నట్టే ఉంది, అదీ గేటుని చూసి కాదేమో, పిట్టగోడని చూసేమో.

సొంతంగా తగ్గిద్దామని ప్రయత్నం చేశాడు, అది కూడా చెప్పుకోవాలి. మర్నాడు తన పాత ఫైలొకటి తెరిచి, లోపల దాచినవన్నీ తీసేద్దామని కూర్చున్నాడు. ఒక్కొక్కటే పైకి తెచ్చాడు. మొదట వేసిన మల్లెతీగ బయటికొచ్చింది. ఎంత బాగుంది! ఎందుకు వద్దనుకున్నాడో? దాని వెనక నెమలి మెడలాంటి వంపు ఒకటి. దాన్ని చూస్తూ గడ్డం నిమురుకున్నాడు. చెరిపే మీట మీద వేలు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, చివరికి అన్నిటినీ భద్రంగా మళ్ళీ దాచేశాడు. ఈ ప్రయత్నంలో ఫైలు ఇంకాస్త లావెక్కింది.

ఇక ఆర్కిటెక్టమ్మ స్వయంగా వస్తానన్న రోజు వచ్చింది. సాయంత్రం పెద్ద తెరమీద చిన్నల్లుడు గీసిన పలకలన్నీ చూస్తానంది. మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. అద్దాల గది అద్దాలు తుడిపించారు. ఇన్నేళ్ళలో పెద్దల్లుడి డ్రాయింగు కోసం ఆయన అద్దాలు తుడిపించిన పాపాన పోలేదు. ఆ తుడుపుడు గుడ్డ అద్దం మీద కీచుమన్నప్పుడల్లా అతనికి ఒళ్ళు మండుకొచ్చింది.

మధ్యాహ్నం భోజనాలకి అందరూ లేచారు. చిన్నల్లుడు, "అన్నయ్యా, పాపకి కాస్త జ్వరంగా ఉందట, ఇంటికెళ్ళి చూసొస్తాను. ఫైలు తెరిచే ఉంది, మీరొకసారి చూసి ఏమైనా మార్చాలంటే మార్చండి" అని వెళ్ళాడు. అదీ వాడి తీరు. తాళం చెయ్యి చేతికిచ్చి మరీ వెళతాడు.

పెద్దల్లుడు వెళ్ళి తోడల్లుడి కుర్చీలో కూర్చున్నాడు. కుర్చీ వెచ్చగా ఉంది. తెరమీద తీగ పాకుతోంది, తన తీగే. ఆకులు ఆడుతున్నాయి, తన ఆకే, వందసార్లు. చెడగొడదామా? ఛ, అంత నీచుణ్ణి కాదనుకున్నాడు. ఒక్క గీత కూడా వంకర చెయ్యకూడదు. ఆవిడ వచ్చి కూర్చున్నాక, మామగారు గర్వంగా తెరవమన్నాక, ఈక గారు కూడా కాసేపు ఏనుగులా నిలబడిపోతే చాలు. ఆ గుండ్రం చక్రం తెరమధ్యలో తిరుగుతూ ఉండాలి. ఆవిడ ఇంకోసారి పకపకా నవ్వాలి, ఈసారి వేరేవాళ్ళని చూసి.

ముందు బ్లాకుల్ని విడగొట్టాడు. ఒక్క ఆకు కాస్తా నిజంగానే వంద ఆకులైంది. తర్వాత మొత్తం తీగని కాపీ చేసి, వెంట్రుకవాసి తేడా లేకుండా అదే చోట పెట్టాడు. తెరమీద ఏమీ మారలేదు. గీత మీద సరిగ్గా గీత పడితే కంటికి కనిపించేది ఒక్క గీతే కదా. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ. ఫైలు బరువు చెప్పే అంకె గర్భిణి పొట్టలా పెరుగుతూ పోయింది. అది పెరుగుతున్నకొద్దీ అతని కడుపు చల్లబడింది. సేవ్ చేసి, కుర్చీ ఎలా ఉందో అలాగే తిప్పిపెట్టి, వేరే ఇంటి బాల్కనీ గ్రిల్లు కొలతలు తీసుకోవాలంటూ టేపు పట్టుకుని బయటపడ్డాడు. దారిలో ఈల కూడా వేశాడు.

ఆ బాల్కనీ కొలతలన్నీ తీసి టేపు చుడుతుంటే మామగారి ఫోను వచ్చింది.

"పెద్దల్లుడూ, ఎక్కడున్నావు? పరుగెత్తుకురా. యంత్రం తల విరిగింది. అమ్మాయికి చెయ్యి కాలింది."

ఏమైందో ఆయన చెప్పలేదు, అతను అడగలేదు. అడక్కుండానే తెలిసిపోయింది. అతను గీతలు గీసేవాడు, కోసేవాడు కాదు. రెండు గీతలు ఒకదానిమీద ఒకటి ఉంటే కంటికి ఒకటే గానీ యంత్రానికి రెండు అని, అది ఎన్ని గీతలుంటే అన్నిసార్లు అదే దారిలో పోతుందని, మధ్యాహ్నం ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు అతనికి ఒక్కసారైనా తట్టలేదు. అప్పుడు తట్టిందల్లా ఆవిడ నవ్వే.

షెడ్డులో పొగ వాసన ఇంకా పోలేదు. భార్య స్టూలు మీద కూర్చుని ఉంది, మణికట్టుకి మందు రాసి గుడ్డ చుట్టారు. జరిగింది ఆమే చెప్పింది. ఆర్కిటెక్టమ్మ ఫోను చేసి, తెరమీద చూసేదేముంది, ఒక పలక కోసి ఉంచండి, చేత్తో పట్టుకుని చూస్తాను అందట. ఈమె ఫైలు తీసుకొచ్చి యంత్రంలో పెట్టిందట. లోడవడానికి ఎప్పుడూ లేనంత సేపు పట్టినా, పెద్ద పలక కదా అనుకుందట. తల ఒక ఆకు చుట్టూ తిరిగింది, కోసింది. మళ్ళీ అదే ఆకు చుట్టూ తిరిగింది. మందం రేకు గనక రెండోసారి పెట్టారేమో అనుకుంది. మూడోసారి కూడా అక్కడే తిరిగేసరికి రేకు నీలంగా మాడి, తెగిన ఆకు పైకి లేచి నిలబడింది. యంత్రం తల పోయి దానికి కొట్టుకుంది. ఆపే మీట కోసం ఈమె వంగినప్పుడు కాలిన ఆకు చేతికి తగిలింది.

"పెట్టేముందు ఒకసారి చూసుకోవద్దా?" అని మామగారు కూతురిమీద అరిచారు.

"మనింట్లోవాళ్ళు గీసినవాటిని చూసుకోవడమేంటి నాన్నా?" అంది ఆమె.

"తప్పు నాదే వదినా" అన్నాడు అప్పటికే ఇంటినుంచి తిరిగొచ్చిన చిన్నల్లుడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఏం చేశానో నాకే తెలీడం లేదు. పొద్దున బాగానే ఉంది. ఎప్పుడైనా చెయ్యి జారి పేస్టు కొట్టానేమో."

"చెయ్యి జారిందట, చెయ్యి!" మామగారు ఎప్పుడూ అల్లుళ్ళని అంత మాట అనలేదు. "పలచగా ఉందని నెత్తిన పెట్టుకున్నాను. నా బిడ్డ చెయ్యి కాల్చింది నీ ఈక. పెద్దల్లుడూ, నువ్వు చూడు ఏమైందో."

అందరూ పైకెక్కారు. పెద్దల్లుడు కంప్యూటరు ముందు కూర్చున్నాడు. వెనకాల మామగారు, తోడల్లుడు, భార్య, మెట్లమీద వెల్డింగువాళ్ళు. ఇన్నాళ్ళకి మళ్ళీ అందరి కళ్ళూ తన చేతుల మీద ఉన్నాయి. భయపడాల్సిన మనిషి, నిజం చెప్పాలంటే కాస్త పొంగాడు కూడా. తేలు కుట్టిన దొంగలా లోపల గిలగిల్లాడుతూనే పొంగాడు. దీన్ని ఎంత తొందరగా తుడిచేస్తే అంత మంచిదని, ఒకదానిమీద ఒకటున్న గీతల్ని తీసేసే కమాండు టకటకా కొట్టాడు. ఇన్ని గీతలు తొలగించబడ్డాయి అని తెరమీద పెద్ద అంకె వచ్చింది. సేవ్ చేశాడు. ఫైలు మళ్ళీ పలచబడింది, మొదటంత కాకపోయినా.

"గీత మీద గీత పడింది మామయ్యగారూ, అంతే" అన్నాడు.

"చూశారా!" మామగారు అందరివైపూ తిరిగారు. "అనుభవం అంటే ఇదీ. ఇతను ఇందాకటినుంచీ జుట్టు పీక్కుంటున్నాడు, వచ్చీ రాగానే ఒక్క దెబ్బలో పట్టేశాడు. లైబ్రరీ మెట్లు నువ్వే గీయి అల్లుడూ. లావుగా ఉంటే ఉండనీ, ఇవాళ రావద్దని ఫోను చేసి ఆవిడకి నేను చెప్పుకుంటాను."

గెలిచాడు. కుర్చీ గెలిచాడు, మెట్లు గెలిచాడు. అసలు దెబ్బ తగలాల్సినవాడికి తగిలింది. ఆ తగిలినవాడు మాత్రం చేతులు పట్టుకుని, "పరువు కాపాడారన్నయ్యా. మీవి కళ్ళు కావు, భూతద్దాలు" అన్నాడు. అన్న మాటలో వెటకారం ఉందేమోనని పెద్దల్లుడు వెతికాడు. దొరకలేదు. తనకంటే బాగా చేసినవాణ్ణి నోరారా మెచ్చుకోవడం వాడికి ఎలా చేతనవుతోందో అర్థం కాక, ఆ క్షణంలోనూ వాడిమీద కుళ్ళుకున్నాడు.

భార్య మాత్రం అందరూ దిగిపోయాక కూడా గుమ్మంలోనే నిలబడింది.

"చెయ్యి మండుతోందా?" అన్నాడు.

"మీరు జూమ్ చెయ్యలేదు."

"ఏంటి?"

"తప్పెక్కడుందో వెతికేవాళ్ళు జూమ్ చేస్తారు. దగ్గరికెళ్ళి, దూరమొచ్చి, ఆ మౌసు చక్రం తిప్పుతూనే ఉంటారు. మరిదిగారు ఇందాకటినుంచీ తిప్పుతూనే ఉన్నారు. మీరు తిప్పలేదు. కూర్చున్నారు, కొట్టారు, లేచారు."

ఆమె గుడ్డ చుట్టిన చెయ్యిని ఇంకో చేత్తో పట్టుకుని ఉంది. అరుస్తుందేమో అని చూశాడు. ఏడుస్తుందేమో అని చూశాడు. రెండూ చెయ్యలేదు.

"నీకు దెబ్బ తగులుతుందని నేను అనుకోలేదు" అన్నాడు చివరికి.

"ఎవరికి తగులుతుందనుకున్నారు?"

"మీ నాన్నకి చెబుతావా?" అన్నాడు.

"నేనెందుకు చెబుతాను? చేసింది నేనా?" అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

చెప్పడానికి అతను ప్రయత్నం చేశాడు, కాదనకూడదు. మర్నాడు టీ వేళ, తోడల్లుడు కప్పు అందిస్తుంటే, "తమ్ముడూ, ఆ గీతలున్నాయే..." అని మొదలుపెట్టాడు. "అవునన్నయ్యా, నేనే అడుగుదామనుకుంటున్నాను. ఆ కమాండు నాకూ నేర్పించరూ? ఇంకోసారి ఇలాంటి పొరపాటు చెయ్యకూడదు కదా" అన్నాడు వాడు ఆత్రంగా. చెప్పాల్సిన మాట నోట్లోనే ఉండిపోయింది, కమాండు మాత్రం నేర్పించాడు. వాడు దాన్ని శ్రద్ధగా విన్నాడు, "చాలా థాంక్స్ అన్నయ్యా" అన్నాడు. టీ చేదుగా ఉంది.

యంత్రం తల బాగై వచ్చేలోగా పెద్దల్లుడు మెట్ల పలకలు గీశాడు. ఎన్నడూ గీయనంత బాగా గీశాడు. ఫొటోలు తీసేశాడు, దాచినవి చెరిపేశాడు. ఈసారి మల్లెతీగ కూడా అడ్డం పడలేదు. ఏనుగు కాదు గదా, దాని నీడ కూడా మిగలకుండా చేశాడు. తనంతట తనే ఫైలుని పెన్‌డ్రైవులో పెట్టుకుని కిందకి దిగి, భార్య చేతికిచ్చాడు.

"చూడు, ఎంత తేలికో. రెప్ప వేసేలోగా తెరుచుకుంటుంది."

తెరుచుకుంది. "బాగుంది" అంది ఆమె. అతని ముఖం వెలిగింది. ఇన్నేళ్ళకి, తన ఫైలు గురించి, ఆ మాట.

అయితే ఆమె కోత మొదలుపెట్టలేదు. మౌసు మీద వేలు పెట్టి, చక్రం తిప్పి, మొదటి ఆకు దగ్గరికి వెళ్ళింది. ఆ ఆకు తెరంతా నిండింది. గీతని పట్టుకుని కాస్త పక్కకి జరిపి, దానికింద ఇంకో గీత ఉందేమో చూసింది. లేదు. మళ్ళీ దాన్ని దాని చోట పెట్టేసి, రెండో ఆకు దగ్గరికి వెళ్ళింది. అతను గీసిన వేల గీతల్ని ఇన్నేళ్ళుగా యంత్రానికి ఎక్కించిన మనిషి, ఒక్కనాడూ ఒక్క గీతని ఇలా ఎత్తి చూడలేదు. ఆ సంగతి అతనికి ఇప్పుడు, ఆమె చూస్తుంటే తెలిసింది.

చిన్నల్లుడు మెట్లు దిగి వచ్చాడు. "వదినా, ఇది కొత్తగా వచ్చిన గేటు పనికి తాళం పలక. మొన్నటినుంచీ నాకే భయంగా ఉంది, ఒకసారి సరిగ్గా చూసుకుని మరీ పెట్టండి."

"అక్కర్లేదు మరిదిగారూ" అంది. అతని ఫైలు తీసుకుని, పెట్టి, మీట నొక్కేసింది. యంత్రం తల కదిలింది, నిప్పురవ్వలు లేచాయి. ఆమె అటు చూడను కూడా లేదు. మళ్ళీ మొగుడి ఫైలు వైపు తిరిగి, ఎక్కడ ఆపిందో వెతుక్కుని, మూడో ఆకు మీద చక్రం తిప్పింది.

ఇన్నాళ్ళూ అతను తనకి లేనిదాని కోసం కుళ్ళుకున్నాడు. ఇప్పుడు కుళ్ళుకుంటున్నది నిన్నమొన్నటిదాకా తన దగ్గరున్నదాని కోసం. తోడల్లుడిమీద కోపం తెచ్చుకుందామని చూశాడు, ఎంత లాగినా రాలేదు. ఏదో ఒకటి అనాలని నోరు తెరిచాడు.

ఆమె తెరమీదనుంచి కళ్ళు తిప్పకుండా, "మీరు వెళ్ళి కూర్చోండి. చాలా ఆకులున్నాయి" అంది.